ఫ్లెక్సీలో పులి క్షేమం

అక్టోబరు 2 నుంచి 8 వరకు తెలుగు రాష్ట్రాల్లో వన్యప్రాణులకు కొరతే ఉండదు. కలెక్టరేట్ గేటు దగ్గర పులి, జూనియర్ కాలేజీ ప్రహరీ మీద నెమలి, ఆర్టీసీ బస్టాండు ఎదురుగా ఏనుగుల మంద. వన్యప్రాణి వారోత్సవాలు మరి. ఒక్కోసారి పులి వెనకాల మంచు కూడా కురుస్తుంటుంది. నల్లమలలో మంచు ఎప్పుడు పడిందా అని కంగారు పడనక్కర్లేదు. ఫ్లెక్సీ షాపు కుర్రాడికి గూగుల్ చూపించిన మొదటి పులి సైబీరియాది, అంతే. పక్కనున్న ఏనుగు చెవులు చూస్తే అదీ ఆఫ్రికా నుంచి దిగినట్టే ఉంటుంది. చిత్తూరు జిల్లా కౌండిన్య అడవి దాకా ఎలా వచ్చిందని ఎవరూ అడగరు. అతిథిని ఊరూ పేరూ అడక్కుండా ఆదరించడం మన సంప్రదాయం.

ఆ ఫ్లెక్సీలో గట్టి వర్గీకరణ శాస్త్రం ఉంది. పై వరసలో పెద్ద తలకాయలు, కింది వరసలో మధ్యరకం తలకాయలు, మూలల్లో చిల్లర తలకాయలు. మధ్యలో జాగా మిగిలితే పులి తలకాయ. అడుగున నినాదం: వన్యప్రాణులను కాపాడుదాం, ప్రకృతిని రక్షిద్దాం. ఎవరి బారి నుంచి కాపాడాలో మాత్రం రాయరు. రాస్తే పై వరసలో కొన్ని ఫొటోలు తీసేయాల్సి రావచ్చు. వారం గడిచాక ఆ ప్లాస్టిక్ గుడ్డ ఏ గుడిసె కప్పుకో, ఏ మిర్చి కల్లానికో చేరుతుంది. ఆ ప్రచారమంతటిలో ఒక మనిషికి నిజంగా పనికొచ్చిన ఘట్టం అదే.

ఈ ప్రచారంలో చోటు సంపాదించడం ప్రతి జంతువుకూ సాధ్యం కాదు. కొన్ని అర్హతలుండాలి. మనిషి వైపు సూటిగా చూసే కళ్లుండాలి, ఒళ్లంతా చారలో మచ్చలో ఉండాలి, పిల్లలతో కలిసి ఫొటోకి కుదురుగా నిలబడగలగాలి. ఇవేవీ లేని ఒక జీవి దరఖాస్తు పెట్టుకుంటే మన ప్రచార కమిటీ ఇచ్చే జవాబు ఇలా ఉంటుంది:

“కలివి కోడి గారికి,

మీ అర్జీ అందింది. ప్రపంచంలో ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో తప్ప మరెక్కడా మీ జాడ లేదని, కడప జిల్లా ముళ్లపొదలే మీ ఇల్లని రాశారు. గర్వకారణమే. కానీ మీ ప్రవర్తన ప్రచారానికి ఏమాత్రం అనుకూలంగా లేదని విచారంతో తెలియజేస్తున్నాం.

1848లో శాస్త్రవేత్తల లెక్కల్లోకి ఎక్కారు. 1900 తర్వాత ఎనభై ఏళ్లకు పైగా ఎవరికీ కనబడలేదు. మీరు అంతరించిపోయారని పెద్దలంతా తీర్మానించుకున్నాక, 1986 జనవరిలో సిద్ధవటం దగ్గర రెడ్డిపల్లిలో మళ్లీ తేలారు. ఆ రీఎంట్రీ అయినా పద్ధతిగా చేశారా? బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ నుంచి భరత్ భూషణ్ వచ్చి, మీ బొమ్మ పట్టుకుని ఆ పల్లెల్లో వాకబు చేస్తుంటే, ఐతన్న అనే పిట్టల వేటగాడి చేతికి రాత్రిపూట చిక్కారు. రిబ్బన్ కటింగ్ లేదు, చీఫ్ గెస్ట్ లేడు.

మీరు చీకటి పడ్డాకే బయటికొస్తారు. మా సఫారీ జీపు పొద్దున్న బయల్దేరుతుంది. మీరున్నారో లేదో తెలుసుకోవడానికి పరిశోధకులు పొదల మధ్య మెత్తటి మట్టి పరిచి కాలిగుర్తులు వెతకాల్సి వచ్చింది. కాలిగుర్తుతో సెల్ఫీ ఎలా దిగాలో మీరే చెప్పాలి. 2025 ఆగస్టులో, పదిహేనేళ్లకు పైబడిన మౌనం తర్వాత, పక్షి ప్రేమికులు మీ పిలుపు రికార్డు చేశారని తెలిసి సంతోషించాం. అయితే ముఖం చూపించకుండా ఆడియో మాత్రం పంపితే పోస్టర్ మీద ఏం వేసుకోవాలి?

పేరులో కోడి ఉందిగా, సంక్రాంతికి పనికొస్తారేమోనని ఆశపడ్డాం. పందేనికి దిగరు, పలావుకు చాలరు. పైపెచ్చు మీ మూలంగా తెలుగుగంగ కాలువ దారి మార్చాల్సి వచ్చింది. ఓటరు కార్డు లేకుండా కాలువ మళ్లించినవారు ఈ రాష్ట్రంలో మీరొక్కరే. దీన్ని మా ఇంజినీర్లు ఇంకా మరిచిపోలేదు.

చివరగా, మీకు కావలసింది అక్కడక్కడా నేల కనిపించే ముళ్లపొదలు మాత్రమేనని, వాటిని చదును చేయకుండా ఉంటే చాలని రాశారు. ఏమీ చేయకుండా ఉండటానికి బడ్జెట్ పద్దు లేదు. పొద మీద శిలాఫలకం నిలవదు. కనుక మీ అర్జీ తిరస్కరించడమైనది. వచ్చే ఏడాది చారలతో రండి.”

ఇది నవ్వులాట అనుకునేవారు కర్నూలు వైపు రోళ్లపాడు దాకా వెళ్లి రండి. బట్టమేక పిట్ట కోసం 1988లో అక్కడ అభయారణ్యం ప్రకటించారు. విస్తీర్ణం 6.14 చదరపు కిలోమీటర్లు. చుట్టూ సాగునీరు వచ్చింది, పంటలు మారాయి, గడ్డి తరిగింది, పిట్ట దాదాపు కనుమరుగైంది. దేశం మొత్తం మీద ఆ జాతి నూట యాభై లోపే మిగిలిందంటున్నారు. అలాంటి పక్షి కోసం మన ప్రచార యంత్రం దగ్గర ఏ సందేశం ఉంది? పులికైనా పిట్టకైనా తాబేలుకైనా అది ఇచ్చే మందు ఒకటే: మొక్కలు నాటండి. మైళ్ల కొద్దీ బయలు కనిపిస్తే తప్ప గుడ్డు పెట్టని పక్షికి మొక్కలు నాటి సాయం చేస్తామంటాం. గడ్డినేలను, తుప్పనేలను రెవెన్యూ కాగితాల్లో బంజరు అని రాసేసినవాళ్లం, అందులో జీతం బత్తెం లేకుండా కాపురముండే ప్రాణులుంటాయని బడిపిల్లలకు ఏం చెబుతాం? డ్రాయింగ్ పోటీలో పిల్లవాడు గడ్డి గీస్తే బహుమతి రాదు. చెట్టు, చెట్టు వెనక కొండ, కొండల నడుమ సూర్యుడు ఉండాలి.

ఇక పులి సంగతి. పులికి ప్రచారం తక్కువైందని ఎవరూ అనలేరు. 2006 లెక్కల్లో దేశంలో 1,411 పులులే ఉన్నాయని తేలాక, 2010లో ఎయిర్‌సెల్ అనే సెల్‌ఫోన్ కంపెనీ ఆ అంకెను ఇంటింటికీ చేర్చింది. తల్లి కోసం ఎదురుచూసే పులికూన టీవీలో కనిపించి జనాన్ని ఏడిపించింది. ఏం చేయాలి అని జనం అడిగారు. నలుగురికీ చెప్పండి అన్నారు. నలుగురూ మరో నలుగురికి చెప్పారు. ఎస్సెమ్మెస్‌కు పైసలు ఎవరి ఖాతాలో పడ్డాయో మనం అడగకూడదు. తర్వాత జరిగింది దేశానికంతా తెలుసు. 2022 లెక్కల నాటికి పులుల సగటు అంచనా 3,682కి చేరింది. ఎయిర్‌సెల్ 2018లో దివాలా పిటిషన్ వేసింది. ఆ ఒప్పందంలో ఎవరు ఎవరిని కాపాడాల్సిందో ఎక్కడో తారుమారైనట్టుంది. పులులు పెరిగిన మాట నిజం. దానికి కారణం రాజస్థాన్‌లోని సరిస్కాలో పులులన్నీ మాయమయ్యాక తిన్న చెంపదెబ్బ, కొత్త చట్టసవరణ, కెమెరా ట్రాపులు, ఊళ్లు ఖాళీ చేసి వెళ్లినవాళ్లు, దోమల మధ్య బేస్ క్యాంపుల్లో పడుకునే వాచర్లు. వీళ్లలో ఎవరూ టీవీలో ఏడిపించలేదు.

ఇప్పుడు సముద్రం ఒడ్డుకు వద్దాం, ఇక్కడ వ్యవహారం మరీ ముచ్చటగా ఉంటుంది. శీతాకాలం చివర ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన తీరానికి వచ్చి గుడ్లు పెడతాయి. వాటిని కుక్కలూ నక్కలూ తవ్వేయకుండా కొందరు మత్స్యకార యువకులు రాత్రుళ్లు తిరిగి ఏరి, కంచె వేసిన ఇసుకలో పాతిపెడతారు. నెలన్నర దాటాక పిల్లలు బయటికొస్తాయి. అప్పుడు మొదలవుతుంది పండగ. బుట్టలో పిల్లలు, బుట్ట పక్కన వీఐపీ, వీఐపీ చుట్టూ కెమెరాలు. పుట్టిన గంటలోపు ఆ ప్రాణికి ఎదురయ్యే మొదటి సందేశం: సార్, ఇటు ఒకసారి చూడండి. వెలుగు ఉన్న వైపు నడిచే గుణం వాటిది. సముద్రం మీది మెరుపును చూసి నీళ్లలోకి వెళ్లాలి. ఫ్లాషుల వెలుగు చూసి పార్కింగ్ వైపు తిరిగితే ఎవరో ఒకరు పట్టుకొచ్చి మళ్లీ వదులుతారు, మళ్లీ ఫొటో. మర్నాడు పేపర్లో శీర్షిక: సాగర గర్భంలోకి బుజ్జి తాబేళ్లు.

అదే తీరంలో అవే నెలల్లో పెద్ద తాబేళ్లు చచ్చి కొట్టుకొస్తుంటాయి. ట్రాలర్ వలలో ఇరుక్కుని, పైకొచ్చి గాలి పీల్చుకోలేక ఊపిరాడక చనిపోయినవి. వెయ్యి పిల్లల్లో ఒకటి పెద్దదవుతుందంటారు. అలా పెద్దదైన ఆ ఒక్కటే ఇలా ఒడ్డున కుళ్లుతుంటే దాని పక్కన ఫొటో దిగే వీఐపీని ఇంతవరకు ఎవరూ చూడలేదు. వలలో తాబేలు బయటపడే కిటికీ లాంటి పరికరం ఉంది, టెడ్ అంటారు. కొచ్చిలోని మత్స్య సాంకేతిక సంస్థ మన పడవలకు సరిపడేలా ఒకటి తయారుచేసి కూడా ఇచ్చింది. ఆ కిటికీలోంచి చేపా రొయ్యా జారిపోతాయని బోటు యజమాని భయం. ఆ భయం పోగొట్టడం కదా ప్రచారమంటే! విశాఖ, కాకినాడ రేవుల్లో తెల్లవారుజామున బోటు దిగే సరంగుతో కూర్చుని, వల విప్పి చూపించి, ఎంత జారుతుందో తూకం వేసి చెప్పాలి. అక్కడ చేపల వాసన. బీచ్‌లో అయితే గాలి బాగుంటుంది. మనవాళ్లు చెప్పలేకపోయిన సంగతిని అమెరికా ఒక్క ముక్కలో చెప్పింది. తాబేళ్లను చంపే వలలతో సముద్రంలో పట్టిన మీ రొయ్యలు మాకొద్దని 2019లో దిగుమతి ఆపేసింది. పోస్టర్ లేదు, నినాదం లేదు. అయినా రేవులో అందరికీ అర్థమైంది.

అడవి గురించి తెలుగువాడికి అత్యధిక సమాచారం అందించినదెవరు? అటవీ శాఖ కాదు, ‘పుష్ప’. ఎర్రచందనం ఎక్కడ దొరుకుతుందో, దుంగ ఎలా దాచాలో, చెక్‌పోస్టు ఎలా దాటాలో 2021లో పాటలతో సహా నేర్పింది. హీరోకి జాతీయ ఉత్తమ నటుడి అవార్డు కూడా వచ్చింది, బాగా నటించాడు, ఇవ్వాల్సిందే. పొరుగున కన్నడంలో 1973లో, సరిగ్గా ప్రాజెక్ట్ టైగర్ మొదలైన ఏడాది, రాజ్‌కుమార్ ‘గంధద గుడి’లో అటవీ అధికారి వేషం కట్టాడు. మన దగ్గర అటవీ అధికారి వేషం కట్టినవాడు హీరో చేతిలో దెబ్బలు తినాలి. శేషాచలంలో ప్రాణాలొడ్డి కాపలా కాసే గార్డు తన కొడుకుని ఆ సినిమాకి తీసుకెళ్లి ఉంటాడు. వాడు ఇంటికొచ్చి ఎవరి నడక అనుకరించాడో ఊహించుకోండి.

బిరుదులివ్వడం కూడా మనకు తెలిసిన ప్రచారమే. తెలంగాణ పాలపిట్టను రాష్ట్ర పక్షి చేసింది. దసరా నాడు దాన్ని చూస్తే శుభమని నమ్మకం. పాపం ఆకాశంలో వెతికే ఓపిక జనానికి లేదు, అందుకని రెక్కలు కట్టి పంజరంలో పెట్టి, డబ్బులు తీసుకుని చూపిస్తారు. అటవీ శాఖ ఏటా హెచ్చరిస్తుంది, ఏటా కొన్ని పంజరాలు పట్టుకుంటుంది, పిట్టలు ఏటా కొన్ని చస్తాయి. ఆంధ్రప్రదేశ్ 2018లో రామచిలుకను రాష్ట్ర పక్షిగా ఎంచుకుంది. ఆ రాష్ట్ర పక్షి, 1972 వన్యప్రాణి చట్టం సాక్షిగా, గుడి మెట్ల పక్కన పంజరంలోంచి బయటికొచ్చి కార్డు తీసి మన భవిష్యత్తు చెబుతోంది. తన భవిష్యత్తు కార్డు ఆ కట్టలో ఎవరూ పెట్టలేదు.

ఇవన్నీ ఒక ఎత్తు, చెంచులకు అవగాహన కల్పించడం ఒక ఎత్తు. దీనికి నా దగ్గర తగిన విశేషణం లేదు. నాగార్జునసాగర్ శ్రీశైలం దేశంలోకెల్లా పెద్ద పులుల అభయారణ్యం. అక్కడ తరతరాలుగా పులి పక్కన నిద్రపోయి, పులి పక్కన తేనె తీసి, పులి అడుగు చూసి అది ఎటు వెళ్లిందో, కడుపు నిండి వెళ్లిందో ఆకలితో వెళ్లిందో చెప్పగల మనుషులున్నారు. వాళ్లను ఒక షెడ్డులో కూర్చోబెట్టి, జిల్లా కేంద్రం నుంచి వచ్చిన పెద్దమనిషి ప్రొజెక్టర్ మీద పులి బొమ్మ చూపించి, దీన్ని పులి అంటారు, ఇది జాతీయ జంతువు, దీన్ని కాపాడాలి అని చెబుతాడు. చెంచులు వింటారు, భోజనం పెడతారని. ఉపన్యాసం ఇచ్చిన పెద్దమనిషి మాత్రం చీకటి పడకముందే కొండ దిగిపోవాలి, అడవిలో పులులుంటాయట. ఆ చెంచుల్లోంచే వాచర్లను తీసుకుని, వాళ్ల కాళ్ల మీదే ఆ అభయారణ్యం గస్తీ నడుస్తోందన్నది సదస్సు ప్రెస్ నోట్‌లో ఆఖరి వాక్యంగా కూడా రాదు.

అదే నల్లమలలో, అమ్రాబాద్ వైపు, 83 చదరపు కిలోమీటర్లలో యురేనియం కోసం బోర్లు వేసి చూసుకోవడానికి 2019 మేలో కేంద్ర అటవీ సలహా కమిటీ సూత్రప్రాయంగా తలూపింది. ఎండుపుల్ల ఏరితే తప్పు అని చెంచు ముసలమ్మకు చెప్పిన నోళ్లేవీ డ్రిల్లింగ్ యంత్రానికి అవగాహన కల్పించడానికి ముందుకు రాలేదు. ఆ పని చెంచులు, ఊళ్లవాళ్లు, విద్యార్థులు, కొందరు సినిమావాళ్లు చేశారు. సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ వ్యతిరేక తీర్మానం చేయాల్సి వచ్చింది. ప్రజా ప్రచారం ఎలా ఉంటుందో చూపించే ఆ ఘట్టాన్ని వారోత్సవాల క్విజ్‌లో ప్రశ్నగా పెట్టమని అడుగుదామనుకున్నాను. జవాబు తెలిసినవాళ్లు మరీ ఎక్కువమంది ఉంటారని ఊరుకున్నాను.

టీవీల సంగతి చెప్పకపోతే ఈ పురాణం అసంపూర్ణం. మన చానళ్లలో జంతువులు నడవవు. చిరుత హల్‌చల్ చేస్తుంది, పులి కలకలం రేపుతుంది, ఏనుగులు బీభత్సం సృష్టిస్తాయి, కొండచిలువ, దేవుడికి మల్లే, ప్రత్యక్షమవుతుంది. చిరుత నీళ్లు తాగి వెళ్లిపోయింది అన్న స్క్రోలింగ్ నడిచిన రోజు ఆ చానల్ మూతపడుతుంది. 2023 ఆగస్టులో తిరుమల అలిపిరి కాలిబాటలో ఒక చిన్నారిని చిరుత పొట్టనబెట్టుకుంది. ఆ తల్లిదండ్రుల దుఃఖం ముందు ఎవరి చమత్కారమూ నిలవదు. ఆ తర్వాత నడిచొచ్చే భక్తులకు కర్రలు పంచారు, చానళ్లు కర్రల గురించి వారం రోజులు మాట్లాడాయి. దారి పొడవునా తిని పారేసే తిండి, దానికోసం చేరే కుక్కలు, కుక్కల కోసం వచ్చే చిరుత అనే గొలుసు గురించి మాట్లాడటానికి గంటన్నర చర్చలో సమయం సరిపోలేదు. ముంబైలో సంజయ్ గాంధీ పార్కు చుట్టూ ఇదే రభస ఉండేది. 2011లో అక్కడి అటవీ శాఖ, విద్యా ఆత్రేయ వంటి పరిశోధకులు, ఊరి జనం కలిసి చేసిన పనుల్లో ఒకటి విలేకరులను కూర్చోబెట్టి మాట్లాడటం. చిరుతను బోనులో పట్టి వేరేచోట వదిలితే గొడవ ఎందుకు పెరుగుతుందో, పిల్లల్ని సాయంత్రం ఎలా పంపాలో, చెత్త ఎందుకు తీయాలో చెప్పారు. వార్తల తీరు మారింది. మన దగ్గర అలాంటి సమావేశం పెడితే విలేకరులకు బ్యాగు, పెన్ను, మధ్యాహ్నం బిర్యానీ ఇచ్చి పంపుతారు.

హైదరాబాద్ విశ్వవిద్యాలయం పక్కన కంచ గచ్చిబౌలిలో 2025 మార్చి చివర బుల్డోజర్ల మోత మధ్య నెమళ్లు అరిచిన వీడియో లక్షల ఫోన్లలో మోగింది. ఏ కన్సల్టెంటూ రాయని స్క్రిప్ట్ అది. దాని వెనకాలే కృత్రిమ మేధ తయారుచేసిన జింకలు కూడా పరుగెత్తుకొచ్చాయి. నిజం జింకలు అదే ప్రాంగణంలో ఉండగా నకిలీవి ఎందుకు కావాల్సి వచ్చాయో వాటిని తయారుచేసినవాళ్లే చెప్పాలి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపింది. ప్రభుత్వం నకిలీ జింకల మీద కేసులు పెట్టింది. 400 ఎకరాల్లో పోయిన చెట్ల నుంచి మాట ఫొటోల మీదికి మళ్లింది. పెట్టుబడి లేకుండా ఇంత పెద్ద సాయం చేసినందుకు ఆ అత్యుత్సాహులకు ఏ శాఖైనా సన్మానం చేయాలి.

అసలు ఎక్కడా ఎవరికీ ఈ పని చేతకాలేదా అంటే, అయింది. నాగాలాండ్‌లో దోయాంగ్ జలాశయం దగ్గర పాంగ్తీ ఊరివాళ్లు 2012లో అముర్ డేగలను వలలు కట్టి వేల కొద్దీ పట్టి అమ్మారు. ఆ వీడియో చూసి ప్రపంచం తిట్టింది. తిట్టి ఊరుకుని ఉంటే 2013లోనూ పట్టేవారు. కానీ పక్షుల సంరక్షకులు ఊరి పెద్దలతో, చర్చితో, పట్టేవాళ్లతోనే కూర్చుని మాట్లాడారు. ఒక్క ఏడాదిలో వేట ఆగింది. ఉపగ్రహ ట్యాగులు కట్టి వదిలిన డేగలకు పెట్టిన పేర్లలో పాంగ్తీ ఒకటి. గుజరాత్ తీరంలో వేల్ షార్క్‌ను చంపి నూనె తీసేవారు. 2004లో రామకథ చెప్పే మొరారి బాపు దాన్ని పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్ల అన్నాడు. అక్కడి జాలరులు ఖరీదైన వలలు కోసి వందలాది షార్క్‌లను వదిలేశారు, తెగిన వలకు పరిహారమూ ముట్టింది. మాట ఒక్కదానితోనే అయిపోయిందని ఎవరైనా చెబితే నమ్మకండి. మన శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో ఎర్రకాళ్ల కొంగలు, గూడబాతులు చింతచెట్ల మీద కాపురం పెడితే ఊరు నిండా రెట్టల కంపు. అయినా అవి వస్తేనే వానలు బాగుంటాయని ఊరి నమ్మకం, రాయి విసిరినవాడికి ఊరే బుద్ధి చెబుతుంది. ఆ నమ్మకాన్ని నాటడానికి ఏ టెండరూ పిలవలేదు.

ఇక చిత్తూరు. రెండు వందల ఏళ్లు ఏనుగు ముఖం చూడని ఆ నేలకు 1980ల్లో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి మందలు దిగాయి. 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. అప్పటి నుంచి పలమనేరు, కుప్పం వైపు రైతు రాత్రి బతుకు మారిపోయింది. చెరకు, వరి, మామిడి పోతాయి, అప్పుడప్పుడూ మనుషులు పోతారు, అక్రమ కరెంటు తీగలు తగిలి ఏనుగులూ పోతాయి. 2025 మేలో కర్ణాటక నాలుగు కుంకీలను, అంటే అడవి మందలను తరమడానికి తర్ఫీదిచ్చిన ఏనుగులను, ఇచ్చింది. బెంగళూరులో విధానసౌధ ముందు ఇరు రాష్ట్రాల పెద్దలు, మావటీలు, పూలదండలు, అలంకారం. నేనూ టీవీలో చూశాను, బాగుంది. కుంకీలు పనిచేస్తాయి, వాటి మీద నాకు కోపం లేదు. కానీ కుంకీ మందను తరమగలదు, మంద ఈ రాత్రి ఎక్కడుందో కోసిన గడ్డి నెత్తిన పెట్టుకుని వస్తున్న ఆడమనిషికి చెప్పలేదు.

చెప్పే మనిషి ఒకడున్నాడు. ఏనుగుల ట్రాకర్. మంద వెనకాల టార్చి పట్టుకుని తిరుగుతూ, చెరువు కట్ట దాటింది, తూర్పు వైపు మళ్లింది అని ఊరి కుర్రాళ్లకు ఫోన్ చేస్తాడు. ఈ రాష్ట్రంలో వన్యప్రాణి ప్రచారాధికారి ఎవరని నన్నడిగితే అతని పేరే రాస్తాను. తమిళనాడులో వాల్పారై తేయాకు తోటల్లో ఈ పనినే పద్ధతిగా చేశారు. నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్ వాళ్లు ఏనుగులు ఎక్కడున్నాయో సాయంత్రానికల్లా కూలీల ఫోన్లకు మెసేజ్ పంపారు, కేబుల్ టీవీలో అడుగున స్క్రోలింగ్ వేశారు, మలుపుల దగ్గర ఫోన్‌తో వెలిగించే ఎర్రదీపాలు పెట్టి వాటిని ఊరివాళ్ల చేతికే ఇచ్చారు. దీపం వెలిగితే ఏనుగులు దగ్గర్లో ఉన్నట్టు. చావులు తగ్గాయి. అక్కడ గజరాజును రక్షిద్దాం అని ఎవరూ అనలేదు. బస్సు దిగి ఈ దారిన పోవద్దు అన్నారు.

అందుకే చిత్తూరు జిల్లా కోసం ఒక ప్రచార సామగ్రి నేనూ తయారుచేశాను. మొత్తం ఇంతే: “ఈ రాత్రి ఏనుగులు చెరువు కింది మామిడి తోపులో ఉన్నాయి. కరెంటు వచ్చినా మోటారు దగ్గరికి తెల్లారాకే వెళ్లండి. పంట తొక్కితే ఫొటో తీసి ఉంచండి. పరిహారం అర్జీ రేంజ్ ఆఫీసులో ఇవ్వండి. దిగువ నంబరుకు రాత్రి ఎప్పుడైనా ఫోన్ చేయండి.”

దీన్ని ఆమోదానికి పంపితే వచ్చే అభ్యంతరాలు నాకు ముందే తెలుసు. నినాదం లేదు. ప్రాస కుదరలేదు. ముఖ్య అతిథికి చోటు లేదు. రాత్రి ఫోనెత్తే మనిషి జీతం ఏ పద్దులో వేయాలో స్పష్టత లేదు. అన్నిటికన్నా పెద్ద లోపం ఇంకోటుంది. ఇది చదివినవాడు సభకు రాడు, చప్పట్లు కొట్టడు, ఇంట్లోనే పడుకుని పొద్దున్నే లేస్తాడు. నివేదికలో ‘పాల్గొన్నవారి సంఖ్య’ అనే గడిలో ఏం నింపాలి?